అపస్మార పద విచారము: ఉట్నూరు ప్రాంతమును దృష్టియందుంచుకొని

వ్యాధికి పేరు పెట్టుట వైద్యుని పని యని సాధారణముగా తలంతుము. కాని వైద్యుని చెవిని బడుటకు ముందే వ్యాధికి పేరు పడియుండును. ఆ పేరు రోగి యింటిలో, వాడలో, గుడిముందట, కావ్యములలో, లక్షణగ్రంథములలో నెన్నియో తరములకు పూర్వమే కుదిరినట్టిది. మెదడునకు సంబంధించిన వ్యాధుల విషయమున నిది మఱింత ముఖ్యము. ఎముక విఱిగినచో ఛాయాపటము తెలుపును. జ్వరమునకు కొలత గలదు. మూర్ఛరోగ నిర్ణయమునకు మాత్రము నేటికిని ప్రధానాధారము చూచినవారు చెప్పిన మాటయే. మెదడు విద్యుత్ప్రవాహమును గీతలుగా చూపు ఈఈజీ పద్ధతిని హాన్స్ బెర్గర్ 1929లో ప్రకటించినాడు. అది గొప్ప సాధనమే. అయినను ఈడ్పులు లేని సమయమున తీసిన పటము పెక్కుమంది రోగులయందు సహజముగనే యుండవచ్చును. కావున సాక్షి నోటిమాట చెడినచో నిదానము చెడును. నిదానము చెడినచో చికిత్స చెడును. మాటను పరీక్షించుట మన శాఖ పని గనుక, ఈ విచారము మనకు బాహ్యమైనది కాదు.

ఆదిలాబాదు జిల్లాలోని ఉట్నూరు ప్రాంతమును ఈ విచారమునకు క్షేత్రముగా గ్రహించుటకు కారణము గలదు. అచట గోండులు, కొలాములు, పరధానులు, తోటీలు, నాయకపోడులు, లంబాడీలు ప్రక్కప్రక్కనే నివసింతురు. గోండి, కొలామి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు భాషలు ఒకే సంతలో వినవచ్చును. రోగి ఒక భాషలో బాధపడును. బంధువు రెండవ భాషలో చెప్పును. వైద్యుడు మూడవ భాషలో వ్రాసికొనును. ఇన్ని చేతులు మాఱు మాట ఏ రూపమున తుదకు చేరుచున్నదను ప్రశ్న భాషాశాస్త్రమునకును వైద్యమునకును సమానమైనది.

1. శాస్త్రమునందలి అపస్మారము

సంస్కృత శబ్దముతో నారంభింతము. అపస్మారమనగా స్మృతి తొలగిపోవుట. ఈ పేరున నొక విశేషమున్నది. గ్రీకుభాషలో ఎపిలెప్సీ శబ్దమునకు మూలార్థము పట్టుకొనుట. ఏదో బయటినుండి వచ్చి మనుష్యుని పట్టినదను భావము అందున్నది. మన గ్రహ శబ్దమునకును అదియే యర్థము. అపస్మార శబ్దము మాత్రము పట్టినదెవరని యడుగక, రోగికేమి పోయినదో చెప్పును. కర్తను గూర్చి మౌనము వహించి అనుభవమును పేర్కొనిన పదమిది.

చరకసంహిత నిదానస్థానమున ఏడవ యధ్యాయము ఉన్మాదమును, ఎనిమిదవ యధ్యాయము అపస్మారమును విడివిడిగా విచారించినవి. చికిత్సాస్థానమునను తొమ్మిది, పది యధ్యాయములు ఇట్లే వేఱుపడినవి. మనస్సు చెదరుట వేఱు, స్మృతి తెగిపడి మరల వచ్చుట వేఱు అను వివేకము ఆ విభాగమునందే కలదు. అంతకన్న గమనింపదగినది మఱియొకటి: మూర్ఛను చరకుడు ఈ రెంటితో గలుపలేదు. సూత్రస్థానము ఇరువదినాలుగవ యధ్యాయమున మద, మూర్ఛా, సన్న్యాసములను రక్తదోష ప్రసంగమున వేఱుగ జెప్పినాడు. అనగా ప్రాచీన వైద్యునికి మూర్ఛ ఒకటి, అపస్మారము మఱియొకటి.

గ్రహావేశమును గూర్చియు చరకుని మాట నిష్పక్షపాతబుద్ధితో చదువదగినది. ఆగంతుకోన్మాదమును అంగీకరించుచునే, తన తప్పిదముచేత తాను చెడని మనుష్యుని దేవతలుగాని పిశాచములుగాని పీడింపజాలవని నిదానస్థానమున నతడు తేల్చి చెప్పినాడు. రోగమునకు మూలమును దేవతలమీదికి నెట్టి చేతులు దులుపుకొనుటను అతడొప్పుకొనలేదు. గ్రీకు వైద్యమున హిప్పోక్రటీసు సంప్రదాయమువారు పవిత్రవ్యాధి యను పేరుగల గ్రంథమున ఇట్టి వాదమునే చేసి, ఆ వ్యాధికి స్థానము మెదడని చెప్పిరి. చరకుడు మెదడు పేరెత్తలేదు. అయినను చికిత్సకు లొంగు వ్యాధిగా దానిని చూచుటలో ఇరువురిది ఒకటే మార్గము.

2. రసశాస్త్రమునందలి అపస్మారము

భరతుని నాట్యశాస్త్రమున ముప్పదిమూడు వ్యభిచారిభావములు చెప్పబడినవి. వానిలో వ్యాధి, ఉన్మాదము, అపస్మారము, మోహము, జడత గలవు. అపస్మారమునకు భరతుడు చెప్పిన విభావములలో దేవ, యక్ష, నాగ, పిశాచాదుల గ్రహణమును, శూన్యగృహవాసమును, అశౌచమును, వానితోపాటు ధాతువైషమ్యమును గలవు. దైవికమును శారీరకమును ఒకే వరుసలో కూర్చుండినవి. అనుభావములు చూడుడు: అదరుట, నిట్టూర్చుట, వణకుట, పరుగెత్తుట, పడుట, చెమటపట్టుట, కొయ్యబాఱుట, నోట నురుగు, నాలుకతో పెదవులు నాకుట. నటునికై కూర్చిన యీ పట్టిక నేటి వైద్యవిద్యార్థి చేతి పుస్తకమున నున్నను విడ్డూరము కాదు. నాలుకతో పెదవులు నాకుటయు, ఉన్నట్టుండి పరుగెత్తుటయు నేలబడి కొట్టుకొను పెద్ద ఈడ్పునకు చెందిన చిహ్నములు కావు. నేటి వైద్యులు మెదడులో నొక భాగమున పుట్టి, యెఱుక మందగించి, చేష్టలు మాత్రము సాగు ఈడ్పులయందు వీనిని చూచుచున్నారు.

అట్లని భరతునికి నేటి నాడీవైద్యము తెలియునని చెప్పుట అతిశయోక్తి. నిష్పాక్షికముగా జూచినచో ఆయన జూచినది రూపమును, కారణమును కాదు. రసశాస్త్రమునకు చాలినది రూపమే. చిక్కు తరువాత వచ్చినది. ఓరుగంటి ప్రతాపరుద్రుని యాస్థానమున విద్యానాథుడు రచించిన ప్రతాపరుద్రీయమును, తెలుగున విన్నకోట పెద్దన కావ్యాలంకారచూడామణియు, భట్టుమూర్తి నరసభూపాలీయమును రసప్రకరణములను సంస్కృతమర్యాద ననుసరించియే నడపినవి. లక్షణగ్రంథమున పేరు నిలిచినది, చూపు నిలువలేదు. కావ్యకర్తలకు అపస్మారముకంటె మూర్ఛ అనుకూలమైనది. ప్రియవియోగమున, పుత్రశోకమున, యుద్ధమున దెబ్బతిని పాత్రలు మూర్ఛిల్లుదురు, శైత్యోపచారములచేత తెప్పఱిల్లుదురు. ఇది కథకు పనికివచ్చు మూర్ఛ. దీనికి కారణము కనబడుచుండును. ముగింపు తప్పక మంచిది.

3. మూర్ఛ యను పదము విస్తరించిన తీరు

తెలుగునాట నేడు అపస్మారమనిన పండితులకు దప్ప తెలియదు. జనుల నోట మూర్ఛయే రోగనామము. చరకుడు విడదీసిన రెంటిని వాడుక కలిపివేసినది. అచ్చతెనుగు పదములందును ఇదే కలయిక కనబడును. సొమ్మసిల్లుట యనగా శోకముచేతనో ఎండచేతనో తెలివి తప్పుట. కాకిసొమ్మ యనగా అపస్మారము. మొదటిదానికి నీరు చల్లిన చాలును; రెండవదానికి ఏండ్ల తరబడి మందు కావలెను. ఇంటిలోనివారికి రెండును ఒక్కటే సొమ్మగా తోచినచో, మందు మానుటకు చాల కాలము పట్టదు.

ఈ కలయికవలని నష్టము రెండు విధములు. ఊరూర తిరిగి వ్యాధిగ్రస్తులను లెక్కించు పరిశోధకుడు 'మీ యింట మూర్ఛ యున్నవారు గలరా?' యని యడిగినచో, ఎండదెబ్బ తగిలినవారును, రక్తహీనతచేత తూలినవారును లెక్కలోనికి వత్తురు. ఇది మొదటి నష్టము. రెండవది మఱింత గూఢము. పడక, కొట్టుకొనక, రెండు మూడు నిముషములు చూపు నిలిపి, పెదవులు చప్పరించుచు, బట్టను పీకికొనుచు, తరువాత నేమియు జ్ఞాపకము లేనివాడు ఆ ప్రశ్నకు దొరకడు. వానిని ఇంటివారు పరధ్యానము గలవాడందురు. బడిలో మొద్దు అందురు. రాత్రివేళ లేచి తిరిగినచో గాలి సోకినదందురు. పదము వ్యాధిలో సగమును వెలిపెట్టినది. బెంగుళూరు పట్టణ గ్రామ ప్రాంతములలో లక్షకు పైబడిన జనులను పరీక్షించి 2004లో ప్రకటించిన సర్వేక్షణమున మూర్ఛరోగము వేయింటికి సుమారు తొమ్మిది మందికి గలదని తేలినది. అట్టి లెక్కలలో ప్రశ్నావళి భాష ఎంత ముఖ్యమో ఊహింపదగును. ప్రశ్న చూపని రోగిని ఏ గణితమును చూపజాలదు.

4. క్రియాపదములు చెప్పు సాక్ష్యము

ఇక వాక్యనిర్మాణమును పరిశీలింతము. తెలుగున 'వానికి మూర్ఛ వచ్చినది' యందుము. 'దయ్యము పట్టినది', 'గాలి సోకినది', 'దేవర పూనినది' అందుము. నాలుగింటను మనుష్యుడు కర్త కాడు. రోగము, దయ్యము, గాలి, దేవర కర్తలు. భేదమంతయు క్రియలో నున్నది: వచ్చుట తటస్థము, పట్టుట సోకుట భయహేతువులు, పూనుట గౌరవము. తెలంగాణమున వ్యవహారములోనున్న మఱియొక పదము వీనికి భిన్నమైనది. అది సిగమూగుట. 'ఆమె సిగమూగినది' యనునప్పుడు ఆమెయే కర్త. శివమెత్తుటయు నిట్టిదే. డప్పు మ్రోగగా, జనులు చుట్టును చేరగా, మనుష్యుడు తానై చేయు చేష్టకు భాష కర్తృత్వమును మనుష్యునికే యిచ్చినది.

ఇది చూచి, కర్త మనుష్యుడైనచో పూనకము, కాకున్న రోగము అని సూత్రము కట్టుటకు త్వరపడరాదు. 'పూనకము వచ్చినది' యనునదియు సాధువే. అది 'మూర్ఛ వచ్చినది' యను వాక్యముతో సరిసమానము. వ్యాకరణము నిదానము చేయదు. కాని ఏమి యడుగవలెనో చూపును. ఎప్పుడు మొదలైనది? డప్పు మ్రోతతోనా, నిద్రలోనా, పొలమున ఒంటరిగానా? ఎంతసేపు? కన్నులు తెఱచియుండెనా? నాలుక కఱచుకొనెనా? తరువాత మగతగా నుండెనా, లేక లేచి మాటలాడెనా? ప్రతిసారి ఒకే తీరున వచ్చుచున్నదా? ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానములు 'మూర్ఛయా, పూనకమా' యను ఒక్క ప్రశ్నకు వచ్చు సమాధానముకంటె వేయిరెట్లు విలువైనవి.

5. మన్నెమున పూనకమును గూర్చిన రచనలు

ఉట్నూరు ప్రాంతపు జనజీవనమును గూర్చి ముఖ్యగ్రంథము క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రచించిన 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'. ఇది 1948లో వెలువడినది. ఆయన 1940 దశకమున మార్లవాయి గ్రామమున నివసించి గోండుల పురాణములను, ఆచారములను సేకరించినాడు. అందు దేవతాపూజ నిర్వహించు కటోడాను, దేవత యావేశించి పలుకు భక్తాలును వేఱుచేసి చూపినాడు. దండారీ దినములలో నెమలియీకల కిరీటములు దాల్చిన గుస్సాడీలను దేవతాంశ గలవారిగా గోండులు భావించుటను గూడ వర్ణించినాడు. మెస్రం వంశీయులు ఇంద్రవెల్లి సమీపమున కేస్లాపురములో పుష్యమాసమున జరుపు నాగోబా జాతర నేడు దేశమంతట ప్రసిద్ధము.

ఈ రచనల గుణము స్పష్టము. హైమెన్‌డార్ఫ్ భక్తాలును రోగిగా చూడలేదు. సమాజము నియమించిన పనివానిగా చూచినాడు. ఆవేశమునకు కాలము, స్థలము, వాద్యము, అడుగువారు, ఫలము గలవు. దీనిని వ్యాధిగా బేర్కొనుట తప్పు. 2022 నుండి అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధివర్గీకరణము పదునొకండవ కూర్పును ఈ యభిప్రాయమునే పాటించినది. సమాజము ధర్మముగా నంగీకరించిన ఆవేశము వ్యాధి కాదనియు, ఇచ్ఛకు విరుద్ధముగ వచ్చి, జీవితమును చెఱచు ఆవేశమే వ్యాధియనియు అందు నిర్ణయింపబడినది.

కాని యీ గ్రంథములను చదువువారు చేయు పొరపాటొకటి గలదు. గ్రామమున ఆవేశమునకు గౌరవముండుటచేత, స్పృహ తప్పిన ప్రతివానికిని ఆ గౌరవమే లభించునని వారు తలంతురు. అది సత్యము కాదు. గుడిముందట ఆవేశించినవానికి జనులు మ్రొక్కుదురు. పొయ్యికడ పడి చేయి కాల్చుకొనిన కోడలిని పుట్టింటికి పంపుదురు. భక్తాలు కర్త, ఆ కోడలు బాధితురాలు. మానవశాస్త్ర గ్రంథములలో భక్తాలు పేరు గలదు, ఆ కోడలికి పేరు లేదు. ఈ మౌనము ఆ గ్రంథకర్త దోషము కాదు. ఆయన యుద్దేశము వేఱు. ఆ మౌనమును సాక్ష్యముగా తీసికొనుట మన దోషము.

ఇదియే వర్గమునకు చెందిన తప్పు నగరములందును గలదు. 1976 సవరణమువలన హిందూ వివాహచట్టమున మూర్ఛరోగము వివాహార్హతకు భంగకరమైన కారణములలో, ఉన్మాదముతో నొకే వరుసలో చేరినది. 1999లో మఱియొక సవరణముచేత దానిని తొలగించిరి. చరకుడు విడదీసిన రెంటిని ఇరువదియవ శతాబ్దపు శాసనము కలిపి, ఇరువది మూడేండ్లకు మరల విడదీసినది. ఆ చట్టము సాధారణముగా షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కాని పెండ్లి సంబంధము చెడుటకు మన్నెమునను చట్టముతో పనిలేదు, పేరు చాలును.

6. ఉత్తర తెలంగాణమున పేరుపై కలిగిన వివాదము

పేరుకై జరుగు వాదము పల్లెలకే పరిమితము కాదు. వైద్యపరిశోధకుల నడుమను గలదు. 2003 వేసవి తుదిని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున, ముఖ్యముగా ఉత్తర తెలంగాణపు జిల్లాలలో, పిల్లలకు హఠాత్తుగా జ్వరము, వాంతులు, ఈడ్పులు వచ్చి స్పృహ తప్పినది. అనేకులు ఒకటి రెండు దినములలోనే మరణించిరి. 329 మంది పిల్లలు వ్యాధిగ్రస్తులు కాగా 183 మంది మృతినొందిరి. పూనాలోని జాతీయ వైరస్ పరిశోధనాసంస్థవారు కారణము చండీపుర వైరస్ అని తేల్చి, 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. ఈ వైరస్సు 1965లో నాగపుర ప్రాంతపు చండీపుర గ్రామమున మొదట గుర్తింపబడినది. దానిని ఇసుకయీగలు వ్యాపింపజేయునని భావింతురు.

జనులును పత్రికలును దీనికి మెదడువాపు అని పేరుపెట్టిరి. ఆ పిల్లలను పరీక్షించిన హైదరాబాదు శిశువైద్యులలో కొందఱు ఆ పేరునే ప్రశ్నించిరి. ఇది మెదడు వాచుట కాదు, మెదడు రక్తనాళములకు గలిగిన హఠాత్ప్రమాదమని వాదించి, దీనిని మెదడుపోటు తెగులుగా వర్ణించిరి. ఇచట వివాదము శబ్దమాత్రము కాదు. వాపు అనినచో ఒక చికిత్స, రక్తనాళ మనినచో వేఱొకటి. పేరు ముందు నిలిచి చూపును నడపినది. తరువాతి సంవత్సరములలో ఉత్తర తెలంగాణమున వరంగల్లు కేంద్రముగా జరిగిన పరిశోధనలును పిల్లల మెదడువాపునకు చండీపుర వైరస్ ముఖ్యకారణమని చెప్పినవి. 2024లో గుజరాతమున ఆ వైరస్సు మరల ప్రబలుట చూడగా, ఆ కాలపు విచారము వృథా కాలేదని తెలియును.

దీనికి భిన్నమైన యుదాహరణము 2020 డిసెంబరునందలి ఏలూరు సంఘటన. వందలకొలది జనులు ఈడ్పులతో, స్పృహ తప్పి ఆసుపత్రి చేరిరి. పత్రికలు దానిని వింతవ్యాధి యనినవి. వింత యనుట పేరు పెట్టుట కాదు. పేరు పెట్టుటను మానుకొనుట. రోగుల రక్తమున సీసము, నికెలు ఎక్కువగా నున్నవని పరీక్షలు తెలిపిన పిమ్మటను ఆ పేరు వీడలేదు. వింత యను మాట విషమును విచారింపదు. విస్మయమును మాత్రమే పెంచును. మన పత్రికాభాషకు ఇది చిరకాలపు బలహీనత.

7. తెలుగు శాఖల కర్తవ్యము

ఇంతవఱకు చేసిన విచారముయొక్క సారమును సంగ్రహింతము. శాస్త్రము విడదీసిన పదములను వాడుక కలిపినది. కావ్యము మూర్ఛను అందముగా చూపి అపస్మారమును మఱుగుపఱచినది. మానవశాస్త్రము ఆవేశమును గౌరవించి రోగమును విడిచినది. వైద్యము తన ప్రశ్నలను ఇంగ్లీషున వ్రాసి, అక్షరార్థముగ తెలుగు చేసి, రోగిచేత నౌననిపించుకొనినది. ఒక్కొక్కరు తమ పనిని సక్రమముగనే చేసినను, నడుమ నున్న మనిషి నష్టపోయినాడు.

ఆ నష్టము స్వల్పమైనది కాదు. మూర్ఛరోగమునకు ఫినోబార్బిటాల్ 1912 నుండి వాడుకలో నున్నది. అది చవుక మందు. తగిన చికిత్స పొందినచో నూటికి డెబ్బదిమంది వఱకు ఈడ్పులు లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అయినను బీదదేశములలో నాల్గింట మూడువంతుల రోగులు చికిత్స పొందుటలేదు. అడవిగూడెమునకు మందు చేరకపోవుట ఒక కారణము. చేరిన మందును నెలరోజులు మ్రింగి, ఈడ్పు రాలేదు గనుక నయమైనదని మానివేయుట మఱియొక కారణము. మందు హఠాత్తుగా మానినచో ఈడ్పులు మఱింత తీవ్రముగ వచ్చును. చేతిలో తాళపుచెవులు పెట్టుట, నోట ఇనుము దూర్చుట నేటికిని మానలేదు. ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, నోట నేమియు బెట్టక, ఐదు నిముషములు దాటినచో ఆసుపత్రికి చేర్చవలెనను నాలుగు మాటలు గోండిలో, కొలామిలో, లంబాడిలో, అచటి తెలుగున సరిగా పలుకబడవలసియున్నది.

ఈ పనికి మనకడ మార్గము గలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదించిన మాండలిక వృత్తిపదకోశము మొదటి సంపుటము, వ్యవసాయపదములతో, 1962లో వెలువడినది. నాగలికి, కాడికి, మోకుకు ఏ యూర నేమందురో గ్రామగ్రామమున నడిగి వ్రాసికొనిన పద్ధతియే వ్యాధిపదములకును చెల్లును. సేతుమాధవరావు పగడీగారు ఆదిలాబాదు కొలామికి వ్యాకరణము వ్రాసినారు. ఆ బాట కొత్తది కాదు. ఉట్నూరు పరిసరములలో ఈడ్పునకు, తెలివితప్పుటకు, పరధ్యానమునకు, పూనకమునకు ఏయే భాషలో ఏయే మాటలు గలవో, ఏ మాటను ఎవరు ఎవరియెదుట వాడుదురో, ఏ మాట వినినచో ఇంటివారు వైద్యునికడకు, ఏ మాట వినినచో గుడికడకు పోవుదురో సేకరించుట పరిశోధకవిద్యార్థికి తగిన విషయము. ఇది నిఘంటువునకు చేర్పు మాత్రమే కాదు. వైద్యుని ప్రశ్నావళికి పునాది.

వైద్యునితో కలిసి చేయవలసిన యీ పనిలో తెలుగు విద్యార్థి తన స్థానమును తక్కువగా తలంపవలదు. భరతుడు రంగస్థలముకొఱకు చూచిన చూపును మనము గూడెములోని యింటికొఱకు చూడవలెను. పెదవులు నాకుట మొదలు కొయ్యబాఱుట వఱకు ప్రతి చేష్టను ఆయన లెక్కించినాడు. ఆ చేష్ట చేసినదెవరని మాత్రము అడుగలేదు. ఆ ప్రశ్నను అడుగవలసిన బాధ్యత ఆయన తరువాతివారమైన మనది.